నిండుకున్న బియ్యం

"ఇంట్లో బియ్యం ఉన్నాయా అండీ?"

"నిండుకున్నాయండీ."

"నిండుకున్నాయా?"

"ఆఁ, మొన్ననే నిండుకున్నాయండీ."

మాలకొండయ్య చేతిలోని తూకం రాయి చేతిలోనే ఉండిపోయింది. ఎదురుగా నిలబడ్డ అమ్మాయిని తేరిపార చూశాడు. నీలం అంచు నేతచీర, భుజాన ఖాళీ సంచీ, వాన తుంపరకి నుదుటికి అంటుకుపోయిన ముంగురులు. కళ్లు పెద్దవి. చూడబుద్ధయ్యే కళ్లే, కాదనడానికి లేదు. కానీ ఏం లాభం? ఇంటినిండా బియ్యం పెట్టుకుని, మళ్లీ సంచీ పట్టుకొచ్చి, ఆ మాట కాస్తయినా తడబడకుండా మొహం మీదే చెబుతోంది! ఎంత గుండె ధైర్యం!

"అయితే పక్కకి జరగండి," అన్నాడు.

"ఏంటండీ?"

"లేనివాళ్లకి ముందు ఇవ్వాలి. సొసైటీ రూలు. మీలాగా నిండుకున్నవాళ్ల సంగతి తర్వాత చూద్దాం."

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. వెనకున్న పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. ఆయనకి సంగతి అర్థమైంది. అర్థం కాకేం, చీరాలలో పుట్టి పెరిగినవాడే. కానీ గోతంలో మిగిలినవి ఒక్కరికే సరిపోతాయి, ఆయన సంచీ కూడా ఖాళీగానే ఉంది. అందుకని నోరు మెదపకుండా ముందుకి జరిగి, "లేవండీ, ఒక్క గింజ లేదు," అని సంచీ చాపాడు.

మాలకొండయ్య ఆ చివరి బియ్యం ఆయనకి తూచేశాడు. ఆ అమ్మాయి ఖాళీ సంచీని మడిచి చంకలో పెట్టుకుని, వానలోకి వెళ్లిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

అది అరవై నాలుగో సంవత్సరం, భాద్రపదం. కొట్లలో బియ్యం మాయమైపోయిన రోజులు. ఉన్నవాళ్లు దొరికినంత కొని అటకెక్కించారు. లేనివాళ్లు తెల్లారకుండానే సంచులు పట్టుకుని వీధిన పడ్డారు. జొన్నలు కూడా బియ్యంలా బెట్టు చేస్తున్నాయి. చూసి చూసి నేతగాళ్ల సొసైటీవాళ్లు నూలు గోదాము పక్కన ఒక షెడ్డులో బియ్యం డిపో తెరిచారు. లారీ వచ్చిన రోజు పండగ, రాని రోజు పస్తు.

ఆ డిపోకి సేల్స్‌మన్‌గా వచ్చినవాడే మన మాలకొండయ్య. పేరు చూస్తే కందుకూరు తాలూకా మాలకొండ దేవుడిది, మనిషి మాత్రం ఖరగ్‌పూర్. తాత ఎప్పుడో మగ్గం వదిలేసి రైల్వే పనికి అంత దూరం వెళ్లాడు. తండ్రి బుల్లయ్య అక్కడే ఫిట్టర్. మాలకొండయ్య పాకే వయసులోనే తల్లి పోయింది. తండ్రీకొడుకులిద్దరూ రైల్వే మెస్సులో తిని, క్వార్టర్‌లో పడుకుని బతికారు. తెలుగు అతను తండ్రి దగ్గరా, తండ్రి స్నేహితుల దగ్గరా నేర్చుకున్నాడు. బాయిలరు గురించీ, ఓవర్‌టైము గురించీ ఎంతసేపైనా తెలుగులో మాట్లాడగలడు. వంటింట్లో మాట్లాడే తెలుగు మాత్రం వినలేదు. వినడానికి వాళ్లకి వంటిల్లంటూ ఉంటేగా!

ఇదిగో, చిక్కంతా ఇక్కడే వచ్చింది.

ఆ సాయంత్రం తను అద్దెకున్న ఇంటి అరుగు మీద కూర్చుని, ఇంటావిడ జాన్‌బీతో ఒకటే ఉపన్యాసం. "ఈ దాచుకునేవాళ్ల వల్లే పిన్నీ దేశం ఇలా తగలడింది. కొంచెం కూడా భయం లేదు!"

"నీ మంచం కింద ట్రంకుపెట్టెలో ఏమున్నాయి నాయనా?" అంది జాన్‌బీ, చేటలో మిరపకాయల తొడిమలు తీస్తూ.

"అవా? అవి నా వాటా బియ్యం. హోటల్లో తింటున్నాను కదా, వండుకునే పని లేక అలా జమపడ్డాయి. రేపెలా ఉంటుందో ఏమిటో!"

"ఊఁ," అంది జాన్‌బీ.

ఉపన్యాసమైతే చెప్పాడు గానీ, పడుకున్నాక ఆ పెద్ద కళ్లే కనిపించాయి. మర్నాడు డిపోకి దగ్గర దారి వదిలేసి చుట్టుదారిన వెళ్లాడు. ఆ అమ్మాయి ఇల్లు ఏదో కనుక్కోవడం ఎంతసేపు! మగ్గం రోశయ్య కూతురు, పేరు మల్లేశ్వరి. వీధి పొడవునా మగ్గాలు టకటకమంటున్నాయి. ఆ ఇంట్లో మాత్రం చడీచప్పుడు లేదు. రోశయ్య అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

'ఉన్నవాళ్లకి పనెందుకు?' అనుకున్నాడు మాలకొండయ్య.

రెండోసారి ఆమె వీధి కుళాయి దగ్గర ఎదురుపడింది. మళ్లీ వాన పట్టుకుంది. ఇద్దరూ ఒకే చూరు కింద నిలబడాల్సొచ్చింది. ఆమె మొహం అటు తిప్పుకుంది. మాట్లాడకపోతే ప్రాణం పోయేలా ఉంది మాలకొండయ్యకి. ఏదో సరదాగా అందామనుకుని నోరు తెరిచాడు.

"ఏమండీ, మీ మగ్గానికి సెలవులా? అవునులెండి, ఇంట్లో నిండుకున్నాక పని చెయ్యడమెందుకు?"

మల్లేశ్వరి గిరుక్కున తిరిగింది. కళ్లనిండా నీళ్లు.

"మీరు మనిషేనా? బియ్యం ఇవ్వకపోతే పోయారు. మా గతి మాది. వీధిలో నిలబెట్టి ఎగతాళి చెయ్యాలా?"

"ఎగతాళా? నేనా?"

"పట్టించడానికి గంజి లేక, నెయ్యాల్సిన పడుగు దారమంతా పొయ్యి పక్కనే చుట్టగా పడుంది. అయ్య చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. అది చూసి మీకు నవ్వులాటగా ఉందా?"

బిందె కూడా అక్కడే వదిలేసి, వానలో తడుస్తూ వెళ్లిపోయింది. మాలకొండయ్య ఆ చూరు కిందే నిలబడిపోయాడు. వాన వెలిసినా కదల్లేదు. నిండుకున్న ఇంట్లో గంజి లేకపోవడమేమిటో అతని బుర్రకి ఎక్కలేదు. ఆ అమ్మాయి ఏడవడం మాత్రం గుండెలో గుచ్చుకుంది.

తడి బట్టలతో ఇల్లు చేరాడు. జాన్‌బీ టీ గ్లాసు చేతికిచ్చింది. నోట్లో పోసుకుంటే ఒకటే చేదు.

"పంచదార వెయ్యలేదా పిన్నీ?"

"నిండుకుంది నాయనా. ఇవాళ్టికి అలా తాగెయ్యి, రేపు బెల్లం తెస్తా."

"నిండుకుంటే వెయ్యడానికేం? ఇంత పిసినారితనమా!"

జాన్‌బీ అతని వంక వింతగా చూసింది. "నిండుకుంటే ఎక్కణ్ణుంచి తెచ్చి వెయ్యను?"

"నిండుకోవడమంటే... డబ్బా నిండా ఉన్నట్టేగా?"

జాన్‌బీ పకపకా నవ్వింది. నవ్వి నవ్వి, "ఓరి నాయనో! నిండుకోవడమంటే అయిపోవడం రా బాబూ! ఇంట్లో బియ్యం లేవు, ఉప్పు లేదు అని ఆడవాళ్లు నోటితో అంటారా? అశుభం కాదూ? అందుకని నిండుకున్నాయంటాం. నీకు మీ ఇంట్లో ఎవరూ..." అంటూ అతని మొహం చూసి ఆగిపోయింది.

గ్లాసు పక్కన పెట్టేసి మాలకొండయ్య తల పట్టుకున్నాడు. ఆకలితో వచ్చిన పిల్లని, మీకు ఆకలెక్కడిదని వెళ్లగొట్టాడు. అది చాలక వీధిలో నిలబెట్టి అదే మాట మళ్లీ అన్నాడు. తనేమో ట్రంకునిండా బియ్యం పెట్టుకుని, దాని మీద మంచం వేసుకుని పడుకుంటున్నాడు! సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ పిల్ల ఇక తన మొహం చూడదు. అది తలుచుకుంటే సిగ్గు కంటే పెద్ద బాధ ఏదో పుట్టింది. తనకి ఆమె కావాలని అప్పుడే తెలిసింది అతనికి. సరిగ్గా ఆమెని పోగొట్టుకున్న రోజున తెలిసింది.

అప్పటికప్పుడు ట్రంకుపెట్టెని సైకిలు క్యారియరుకి కట్టి, వీధంతా చూస్తుండగా నడిపించుకుంటూ రోశయ్య ఇంటికి వెళ్లాడు.

"ఎవరబ్బాయ్ నువ్వు?" అన్నాడు రోశయ్య.

"డిపో వాణ్ణండీ. మీ అమ్మాయిని బియ్యం ఇవ్వకుండా తిప్పి పంపింది నేనే. నన్ను తిట్టండి."

రోశయ్య భార్య రమణమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆమె వెనకే మల్లేశ్వరి. అతన్ని చూడగానే తలుపు చాటుకి తప్పుకుంది.

"తిప్పి పంపావా?" అంది రమణమ్మ ఆశ్చర్యంగా. "ఏమే మల్లీ, నీ వంతు వచ్చేసరికి డిపోలోనే నిండుకున్నాయని చెప్పావుగా?"

తలుపు ఇంకాస్త దగ్గరికి పడింది.

మాలకొండయ్య నోరు తెరుచుకుని ఆ తలుపు వంకే చూశాడు. ఆమె తన మీద చాడీ చెప్పలేదు. ఇంట్లో ఒక్క మాట అనలేదు. "ఎందుకు దాచారండీ?" అన్నాడు ఆపుకోలేక.

"అయ్యకి చెబితే మీ మీదికి వచ్చేవాడు," అంది లోపల్నుంచి మల్లేశ్వరి. "మిమ్మల్ని చూస్తే ఒక్క దెబ్బకి పడిపోయేట్టున్నారు. ఎవరో పరాయి ఊరి మనిషి, ఎందుకొచ్చిన గొడవని."

రోశయ్య చుట్ట తీసి నవ్వాడు. ఆ నవ్వుతో మాలకొండయ్యకి కొంచెం ఊపిరొచ్చింది.

"నాకు తెలుగు రాదండీ," అన్నాడు.

"ఇప్పుడు మాట్లాడుతోంది ఏంటి మరి?"

"ఇది మగవాళ్ల తెలుగండీ. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్నా నేనూ మెస్సులోనే తిన్నాం. మా ఇంట్లో బియ్యం డబ్బానే లేదు. ఇంక అవి నిండుకోవడం నాకెలా తెలుస్తుంది? అంటే ఉన్నాయనుకున్నానండీ. దేవుడి మీదొట్టు, ఉన్నాయనే అనుకున్నాను."

రమణమ్మ పైటచెంగుతో కళ్లొత్తుకుంది. "అమ్మ లేదా నాయనా!" అని మాత్రం అంది.

మల్లేశ్వరి ఇంకా మెత్తబడలేదు. "ఆ పెట్టె ఎందుకు తెచ్చారు? ఊరికే ఇస్తే పుచ్చుకునేవాళ్లం కాదు."

"ఊరికే కాదండీ. హోటల్లో తినలేక చస్తున్నాను. బియ్యం నావి, వంట మీది. నాక్కూడా ఇంత ముద్ద పెట్టండి. అంతే."

రమణమ్మ భర్త వంక చూసింది. రోశయ్య ఇంటిపేరడిగాడు. ఊరడిగాడు. తాత పేరడిగాడు. "అయితే మనోడే," అని లేచి, ట్రంకుపెట్టె తనే లోపలికి మోసుకెళ్లాడు.

ఆ రోజు ఆ ఇంట్లో అన్నం వార్చారు. అన్నం మనుషులకి, వార్చిన గంజి పడుగుకి. మర్నాడు తెల్లవారుతూనే వీధిలో పడుగు సాగదీసి గంజి పట్టించారు. డిపోకి పోతూ మాలకొండయ్య సైకిలు ఆపి చూశాడు. కుంచెతో దారాలు దువ్వుతున్న మల్లేశ్వరి తలెత్తి అతన్ని చూసి, వెంటనే మళ్లీ దారాల్లో తలదూర్చింది. మధ్యాహ్నానికి ఆ ఇంటి మగ్గం కూడా టకటకమంది.

అలా మొదలైంది అతని రెండు పూటల భోజనం. దాంతోపాటు తెలుగు పాఠాలూ మొదలయ్యాయి.

"దీపం ఆర్పెయ్యనా అండీ?" అన్నాడొక రోజు సాయపడదామని.

రమణమ్మ చెవులు మూసుకుంది. మల్లేశ్వరి నవ్వాపుకుంటూ, "ఆర్పడం అనకూడదు. కొండెక్కించనా అనాలి," అంది.

"ఏ కొండండీ?"

"మాలకొండ!"

ఇంకోరోజు ఆమె చేతి గాజు గడపకి తగిలి విరిగింది. "అయ్యో, గాజు పెరిగింది," అంది మల్లేశ్వరి.

"విరిగిన గాజుని పెరిగిందంటారు. అయిపోయిన బియ్యాన్ని నిండుకున్నాయంటారు. మీ ఇళ్లలో అంతా తలకిందులేనా అండీ?"

మల్లేశ్వరి గాజు ముక్కలు ఏరుతూ నెమ్మదిగా అంది: "లేనిదాన్ని లేదు లేదని పొద్దస్తమానం అనుకుంటుంటే ఇల్లు మరీ చిన్నబోతుందండీ. కనీసం మాటైనా నిండుగా ఉండాలి కదా."

మాలకొండయ్య ఆ చేతులవంకే చూస్తూ కూర్చున్నాడు. ఈ పిల్ల లేకుండా తను బతకలేడని ఆ క్షణంలో తేలిపోయింది.

"నా మీద కోపం పోయిందా అండీ?" అనడిగాడు.

"ఆలోచించి చెబుతా."

"ఎప్పటికి?"

"తొందరేంటి? ముందు పాఠాలు సరిగ్గా నేర్చుకోండి."

అడిగినప్పుడల్లా అదే జవాబు. నవ్వుతుంది, ఆట పట్టిస్తుంది. అడక్కుండానే మారన్నం పెడుతుంది. అది ప్రేమో, తల్లిలేని వాడనే జాలో అతనికి అంతుబట్టలేదు.

పుష్యమాసం వచ్చింది. బాపట్ల వైపు నుంచి కొత్త ధాన్యం బళ్లు దిగాయి. కొట్లలో బియ్యం బస్తాలు మళ్లీ కనిపించాయి. ఊరంతా ఊపిరి పీల్చుకుంది, మన మాలకొండయ్య ఒక్కడు తప్ప. డిపో ఎత్తేస్తున్నారు. సొసైటీవాళ్లు నూలు గోదాములో పని ఇస్తామన్నారు. ఇటు చూస్తే, ఖరగ్‌పూర్‌లో తండ్రి రైల్వేలో వేయించడానికి సిద్ధంగా ఉన్నాడు. మల్లేశ్వరి ఊఁ అంటే ఇక్కడ. లేదంటే మెయిలు రైలెక్కి వెళ్లిపోవడమే. ఆమె లేని చీరాలలో ఒక్క పూట కూడా ఉండలేడు.

ఆ మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు.

"ఏమబ్బాయ్, డిపో ఎత్తేస్తున్నారంటగా," అన్నాడు రోశయ్య. "ఇంక వాటా బియ్యం లేనట్టే."

"అవునండీ." చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశాడు. "ఒక మాట అడగాలండీ. ఎలా అడగాలో, ఏ మాట వాడాలో తెలీదు. ఎవరూ నేర్పలేదు. మీ అమ్మాయిని నాకిచ్చి పెళ్లి చెయ్యండి. ఆమె లేకపోతే నాకు ముద్ద దిగదు."

వంటింట్లో ఏదో గిన్నె కిందపడింది.

రోశయ్య వంటింటి వైపు ఒకసారి చూశాడు. "మీ నాన్నని రమ్మను," అన్నాడు. "పిల్ల మనసు మాత్రం నేను అడక్కుండా చెప్పలేను. దానికి ఇష్టం లేకపోతే నువ్వెంత మంచివాడివైనా నా చేతుల్లో ఏమీ లేదు."

బుల్లయ్య మెయిల్లో దిగాడు. చేతిలో కుండనిండా రసగుల్లాలు, ఒంటి మీద ఇస్త్రీ చేసిన రైల్వే కోటు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. రోశయ్య ఇంట్లో పీట మీద కూర్చోబెట్టి విస్తరి వేశారు. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, పొగలు కక్కే కొత్త బియ్యపన్నం. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన అలాగే ఉండిపోయాడు.

"ఏంటి నాన్నా, కారమా?"

"కాదురా." "ఇంట్లో తిని చాలా ఏళ్లయింది."

జాన్‌బీ చేదు టీ ఇచ్చిన రోజు నుంచీ లోపల దాచుకున్న ప్రశ్న అడిగేశాడు మాలకొండయ్య. "నాన్నా, నిండుకోవడమంటే ఏంటో మీకు తెలుసా?"

"తెలీకేంరా. మీ అమ్మ అంటుండేది. నేను డ్యూటీ దిగి రాగానే గుమ్మంలో నిలబడి, బియ్యం నిండుకున్నాయండీ అనేది. నేను సంచీ తీసుకుని వెళ్లేవాణ్ణి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఆవిడ పోయాక ఆ మాట నోటికి రాలేదురా," అన్నాడు బుల్లయ్య. "ఇంట్లో డబ్బా ఉంటే ఏదో ఒకనాడు నిండుకుంటుందని, డబ్బానే పెట్టలేదు."

రమణమ్మ మొహం అటు తిప్పుకుంది. మాలకొండయ్య తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్లూ మెస్సు కూడు ఎందుకు తిన్నారో అతనికి ఇప్పటికి అర్థమైంది.

రోశయ్య గొంతు సవరించుకున్నాడు. "అమ్మా మల్లీ, ఇలా రా."

మల్లేశ్వరి వంటింటి గుమ్మంలో నేతిగిన్నె పట్టుకుని నిలబడింది. తలెత్తలేదు.

"పెద్దాయన అంత దూరం నుంచి వచ్చారు. మేము అనుకున్నదొకటి, నీ మనసులో ఉన్నదొకటి కాకూడదు. ఇష్టమైతే ఇష్టమని చెప్పు. లేకపోతే లేదని చెప్పు. ఎవరూ ఏమీ అనుకోరు."

మాలకొండయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. వీధిలో మగ్గాల చప్పుడు తప్ప ఇంకేం వినిపించడం లేదు. "పర్వాలేదండీ," అన్నాడు. "జాలితో చెప్పొద్దు. లేదన్నా నేను..."

మల్లేశ్వరి అతని వంక చూడనైనా చూడలేదు. అతన్ని దాటుకుని వచ్చి, బుల్లయ్య విస్తరి ముందు వంగింది.

"కొంచెం నెయ్యి వెయ్యనా, మామయ్యగారూ?"

బుల్లయ్య చెయ్యి అన్నం మీదే ఆగిపోయింది. రమణమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుంది. రోశయ్య తల వంచుకుని మీసాల్లో నవ్వుకున్నాడు. మల్లేశ్వరి గబగబా నెయ్యి వడ్డించి, ఎర్రబడ్డ మొహంతో లోపలికి పరిగెత్తింది.

మాలకొండయ్య బిక్కమొహంతో ఒక్కొక్కరి వంకా చూశాడు.

"అదేంటండీ, ఆమె ఏమీ చెప్పకుండానే వెళ్లిపోయింది?"

"చెప్పిందిరా," అన్నాడు బుల్లయ్య కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు అన్నం తిను."